కరువు కథ కరువు ఊరికి చేరాలి

అనంతపురం కరువు మీద నివేదికలకు కొదవ లేదు. ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ అని, ఇన్ని ఎకరాల వేరుశెనగ ఎండిందని, ఇన్ని మండలాలు కరువు జాబితాలో చేరాయని అంకెలన్నీ దొరుకుతాయి. కానీ విత్తనం వేసి ఆకాశం వంక చూసే రైతు మనసులో ఏమున్నదో, అప్పు కోసం పోయిన ఇంటి గడప ముందు అతడు ఎట్లా నిలబడ్డాడో ఆ కాగితాల్లో వుండదు. ఆ లెక్క రాసిపెట్టినవారు మన జిల్లా కథకులు. వారిలో ముందు వరుసలోని వారు కీర్తిశేషులు సింగమనేని నారాయణ గారు.

1943లో రాప్తాడు దగ్గరి బండమీదపల్లిలో ఆయన జన్మించారు. తెలుగు పండితులుగా పిల్లలకు పాఠాలు చెబుతూనే కథలు రాశారు. 2021 ఫిబ్రవరి 25న కన్నుమూశారు. ఇన్నేళ్ల రచనా జీవితంలో ఆయన రాసిన కథలు నలభై పైచిలుకు మాత్రమే. ఆయన కథల్లో ఒకదాని పేరు 'జూదం'. ఆ మాటకు మన రైతుకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. విత్తనాలకూ ఎరువుకూ అప్పు తెచ్చి, ఒక్క వాన మీద ఏడాది బతుకును ఒడ్డే ఆట మనం ప్రతి ఏటా ఆడుతున్నదే.

తన కథ అచ్చయితే చాలునని ఆయన అనుకోలేదు. 'సీమ కథలు' పేర రాయలసీమ కథకుల రచనలను ఒక సంపుటంగా కూర్చారు. కథ ఎట్లా నడవాలో, మంచి కథకులు ఎట్లా నడిపించారో వివరించే గ్రంథాలకు సంపాదకత్వం వహించారు. బడిలోనే గాక బడి బయట కూడా ఆయన ఉపాధ్యాయుడే. ఈ నేల మీది కథకు నేడు దేశంలో గుర్తింపు వున్నది. మన జిల్లాకే చెందిన మరో ఉపాధ్యాయుడు బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

అయితే ఈ కథలు ఎవరిని గురించి రాశారో వారి చేతికి అందుతున్నాయా? పట్నంలో సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. బెంగుళూరుకు కూలికి పోయే ఇంటి పిల్లవాడికి తన తండ్రి కష్టం పుస్తకంలో వున్నదన్న సంగతే తెలియదు. వ్యాసం రాయమంటే గైడు చూసి ఎక్కిస్తాడు. తన చేనూ తన మాటా రాయదగినవేనని వాడికి ఎవరు చెప్పాలి?

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే వున్నాం. ఆ డబ్బును పంచాయతీలు సకాలంలో గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. సంస్థ వారు జిల్లా కథకుల పుస్తకాలను ప్రతి శాఖా గ్రంథాలయంలో వుంచాలి. ఉపాధ్యాయులు నెలకొక్కమారు ఒక కథ చదివి వినిపించి, పిల్లల చేత సొంత ఊరి సంగతి సొంత మాటల్లో రాయించాలి.

గ్రామస్థులు కూడా ఊరకుండరాదు. ఈసారి పన్ను కట్టే రోజున రసీదుతో పాటు, మా ఊరికి పుస్తకాలు ఎప్పుడు వస్తాయని అడగాలి.