అన్నీ గ్యాస్ నొప్పులు కావు

పెద్దమండ్యం వైపు టమాట కోతల రోజుల్లో చేలగట్ల మీద కనిపించేదే ఇది. బాక్సు ఎత్తి నాలుగడుగులు వేసేసరికి రొమ్ము మీద బండ పెట్టినట్టు బరువు. ఎడమ చేతికో, దవడకో పాకుతుంది. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. ‘గ్యాస్ పట్టిందిలే’ అని సోడా తాగి మళ్ళీ పనిలో పడతారు.

శ్రమపడితే వచ్చి, ఆగితే తగ్గే ఈ నొప్పి ఆంజైనా కావచ్చు. లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లోనే దీన్ని వివరించాడు. గుండెకు రక్తం అందించే నాళాల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం బరువు మోసేటప్పుడు చాలదు. షుగరున్నవాళ్ళలో, ఆడవాళ్ళలో కొన్నిసార్లు నొప్పి లేకుండా ఆయాసం, చెమట, నీరసమే కనిపిస్తాయి.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. విడవని దగ్గును తేలిగ్గా తీసుకోకూడదని ఈ ప్రాంతానికి ఏనాడో తెలుసు. రొమ్ము బరువు దగ్గర ఆ జాగ్రత్త ఇంకా రాలేదు.

మొదటిసారి వచ్చినప్పుడే డాక్టరుకు చూపించి ఈసీజీ తీయించుకోండి. ఈసీజీ మామూలుగా ఉన్నా, నొప్పి మళ్ళీ వస్తే తదుపరి పరీక్షలు వాయిదా వేయకండి. ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా బైకెక్కకుండా 108కి ఫోన్ చేయండి. గుండెపోటైతే, నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది.

బీడీ మానడం, ఊరగాయ తగ్గించడం, బీపీ మాత్ర మరవకపోవడం: ఈ మూడూ ఇవాళే మొదలుపెట్టవచ్చు.

— సంపాదకుడు