వెనక డోరు దీపం

కారులో ఏది పాడైతే ఎన్ని రోజుల్లో బాగవుతుందో ఎప్పుడైనా గమనించారా? ఏసీ చల్లగా రాకపోతే ఆ సాయంత్రమే బండి మెకానిక్ దగ్గర ఉంటుంది. పాటలు వినిపించకపోతే ఆదివారం దాటదు. హారన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది లేకుండా మా కాకినాడలో వీధి మలుపు కూడా తిరగలేరు. వెనక డోరు తీస్తే వెలగాల్సిన చిన్న దీపం మాత్రం ఆరిపోతే ఆరిపోయినట్టే. మా ఇంట్లో అది సంక్రాంతికి ఆరింది. శ్రావణమాసం వచ్చినా అలాగే ఉంది.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఆ దీపం ముఖ్యంగా స్టీరింగు పట్టుకున్న వాళ్ల కోసం పెట్టింది కాదు, వెనక కూర్చునే వాళ్ల కోసం. అంటే ముసలివాళ్ల కోసం, పిల్లల కోసం, చేతిలో సంచీ, భుజం మీద నిద్రపోతున్న పిల్ల ఉన్న మన కోసం. "బండి నడవడానికి దానితో పనేముంది?" అన్నారు మా వారు. నిజమే, నడవడానికి లేదు. దిగడానికి ఉంది.

మా అత్తయ్యకి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఎప్పుడూ వెనక ఎడమ వైపే కూర్చుంటుంది. మన రోడ్లకి ఎడమ అంచునే కదా మురుక్కాలువ, కంకర కుప్ప, సగం లేచిన పలక, అన్నీ ఉండేది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో తలుపు పట్టుకుంటుంది. "ఫోన్లో టార్చి వేసుకో అమ్మా" అంటారు ఈయన. మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తుందో ఆయనే చెప్పాలి. ఇంటి గుమ్మంలో లైటు పోతే ఒక్క పూట ఊరుకోం, చుట్టాలొస్తే తట్టుకు పడతారని. కారుకి మాత్రం గుమ్మం లేదనుకుంటామో ఏమో.

సరే, అది ఎందుకు వెలగదో చూద్దాం. మిక్సీ తిరక్కపోతే ముందు ప్లగ్గు చూస్తాం, తర్వాత కింద ఎర్ర బటన్ నొక్కుతాం, అప్పుడు కదా షాపుకి తీసుకెళ్తాం. ఇదీ అంతే. మొదట చూడాల్సింది, వెలగనిది ఒక్క డోరుతోనా, అన్ని డోర్లతోనా అని.

ఏ డోరు తీసినా వెలగట్లేదంటే ముందు పైకప్పు లైటు దగ్గరున్న స్విచ్చి చూడండి. చాలా కార్లలో దానికి మూడు స్థానాలుంటాయి: ఎప్పుడూ వెలిగేది, ఎప్పుడూ ఆరి ఉండేది, డోరు తీస్తేనే వెలిగేది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని జరిపేస్తారు. సగం రోగాలు అక్కడే కుదురుతాయి. అది సరిగ్గానే ఉంటే ఫ్యూజు. డ్యాష్‌బోర్డు కింద ఒక పెట్టె ఉంటుంది, దాని మూతమీదో కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఏది దేనికో బొమ్మ ఉంటుంది. తాళంచెవి తీసేసి, ఆ ఫ్యూజు లాగి వెలుతురులో చూస్తే లోపలి సన్న పట్టీ తెగి ఉందో లేదో కళ్లకే తెలుస్తుంది. 10 అన్న అంకె ఉంటే 10దే వెయ్యాలి. మళ్లీ పోకూడదని 20ది వేసేవాళ్లున్నారు. అప్పుడు ఫ్యూజు పోదు, వైరు కాలుతుంది.

ఒక్క డోరుదే అయితే ఫ్యూజు జోలికి వెళ్లనక్కర్లేదు. బల్బు కావచ్చు, డోరుకీ బాడీకీ మధ్య నల్ల రబ్బరు గొట్టంలో వెళ్లే వైరు కావచ్చు, డోరు స్విచ్చి కావచ్చు. వేల సార్లు తీసి మూస్తుంటే ఆ గొట్టంలోని వైర్లు మడతల దగ్గర తెగుతాయి. అదే డోరు అద్దం బటన్, స్పీకరు కూడా పనిచెయ్యకపోతే అనుమానం అక్కడే పెట్టుకోవచ్చు.

మా కారులో అద్దం దిగుతోంది, స్పీకరు మోగుతోంది. మిగతా మూడు డోర్లు తీస్తే పైకప్పు లైటు వెలుగుతోంది. ఈ వెనక ఎడమ డోరు తీస్తే మాత్రం డోరు దీపం లేదు, పైకప్పు లైటు లేదు, డ్యాష్‌బోర్డు మీద డోరు తెరిచి ఉందని చూపించే ఎర్ర బొమ్మ కూడా లేదు. అంటే ఆ డోరు తెరుచుకుందన్న కబురే కారుకి అందట్లేదు. కబురు చెప్పేది స్విచ్చి. కొత్త కార్లలో అది తాళంలోనే దాగి ఉంటుంది, మాలాంటి పాత కారులో డోరు ఆనే స్తంభానికి పెన్ను మీటలా పొడుచుకొచ్చి కనిపిస్తుంది. డోరు మూస్తే లోపలికి నొక్కుకుంటుంది, తీస్తే బయటికి రావాలి. మాది రాలేదు. పైన రబ్బరు చిరిగి, కడిగిన నీళ్లూ ఈ ఊరి ఉప్పుగాలీ లోపలికెళ్లి తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

అంతకుముందు ఒక షాపులో డోరు వైరింగ్ మొత్తం మార్చాలి, 3,500 అవుతుందన్నారు. ఆ మనిషి ఆ డోరు తీసి కూడా చూడలేదు. "ఆ స్విచ్చి చూశారా బాబూ?" అని అడిగితే సమాధానం నాకు కాదు, మా వారికి చెప్పాడు. ఇలాంటివి తెలుసుకోవడం డబ్బు మిగలడానికేనని నేననుకోను. అడిగేది తెలిసినవాళ్లయితే అవతలివాడు ఒకసారి ఆగి చూస్తాడు, చూసి తీరాలి.

ఇక అసలు భయం చెప్తాను. డ్యాష్‌బోర్డు మీద ఆ ఎర్ర బొమ్మ రాదంటే, డోరు సరిగ్గా పడకపోయినా నడిపేవాళ్లకి తెలియదు. అదే సీట్లో మా ఆడపడుచు కూతురు కూర్చుంటుంది, ఆరేళ్లది. ఈ సంగతి చెప్పాక మా వారు అదే ఆదివారం కిందికి దిగారు. ఏడు నెలలు అత్తయ్య కాలికింద చీకటి పని చెయ్యలేదు గానీ, ఆయన కళ్లముందుండే బొమ్మ చేసింది! ఆ మాట పైకే అన్నాను. నవ్వేశారు.

పని పావుగంటది. ఒకటే స్క్రూ. జాగ్రత్త ఏమిటంటే, స్విచ్చి బయటికి లాగగానే వెనక వైరుని టేపుతో బాడీకి అంటించాలి, లేకపోతే అది స్తంభంలోకి జారిపోయి చేతికి దొరకదు. ఎక్కడైనా పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే ముట్టుకోవద్దు, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. స్క్రూ కూర్చునే చోట తుప్పు గరుకు కాగితంతో గీకి, 150 రూపాయల కొత్త స్విచ్చి బిగించాను. టార్చి పట్టుకునే పని ఈసారి ఆయనది.

డోరు తీస్తే పైనా కిందా రెండూ వెలిగాయి. అత్తయ్య ఎక్కి దిగి చూసుకుని, సీటు పైన పట్టుకునే పిడి కూడా ఊగుతోందే అంది. వెనకదే అదీ. మూతల కింద రెండు స్క్రూలున్నట్టున్నాయి.