ఇల్లు విడిచిన నక్షత్రాలు

పెళ్లిపీటల మీద అరుంధతిని చూపిస్తారు. పట్టుదల గురించి చెప్పాలంటే ధ్రువుణ్ణి తలచుకుంటారు. నక్షత్రమంటే కదలనిది, పుట్టినచోటే ఉండేది అని మనవాళ్ల నమ్మకం. సైన్సు చదివే మనలోనూ చాలామంది అలాగే అనుకుంటున్నాం. కాని పుట్టిన గూడు విడిచి పరుగెత్తే భారీ నక్షత్రాలున్నాయి. వాటిని వదిలేసి నక్షత్ర కుటుంబాల లెక్క కడితే అది తప్పుడు లెక్కే అవుతుందని నా వాదన.

విషయం పాతదే. మృగశిర, ఆరుద్ర ఉండే ఒరాయన్ మండలం నుంచి ఏఈ ఆరిగే, మ్యూ కొలంబే అనే రెండు నక్షత్రాలు చెరొక దిక్కుకు సెకనుకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయని బ్లావ్, మోర్గన్‌లు 1954లోనే చూపారు. జంటలో ఒకటి పేలిపోతే రెండోది విసిరినట్టు ఎగిరిపోతుందని 1961లో బ్లావ్ వివరించాడు. ఇంకో దారి కూడా ఉంది. అది పేలుడు కాదు, తొక్కిసలాట. కిక్కిరిసిన గుచ్ఛంలో ఒక జంట దగ్గరికి మూడో నక్షత్రం వస్తే, జంట మరింత దగ్గరై ఆ శక్తితో సాధారణంగా ముగ్గురిలో తేలికైనదాన్ని బయటికి గెంటేస్తుంది. పొలం పంపకాలు చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఇద్దరు ఒకటైతే మూడోవాడి గతి అంతే! అయితే గుచ్ఛం నడిమధ్యన చేరేవన్నీ మహాకాయులే. వాటిలో చిన్నదంటే అదీ సూర్యుడికి ఎన్నో రెట్లు బరువైనదే.

2024లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిచెల్ స్టూప్ బృందం ఆర్136 అనే గుచ్ఛాన్ని లెక్కగట్టింది. అది పెద్ద మెజిల్లాన్ మేఘంలో, మనకు సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులోంచి వెళ్లిపోయిన 55 భారీ నక్షత్రాలు దొరికాయి. గంటకు లక్ష కిలోమీటర్లకు పైబడిన వేగం! ఒక విడత సుమారు 18 లక్షల ఏళ్ల కిందట, గుచ్ఛం పుట్టిన కొత్తలో, అన్ని దిక్కులకూ పోయింది. రెండోది సుమారు 2 లక్షల ఏళ్ల కిందట, ఎక్కువగా ఒకే వైపుకు; పక్కనున్న మరో గుచ్ఛంతో రాపిడే దీనికి కారణం కావచ్చునంటున్నారు. మొత్తం మీద అక్కడి భారీ నక్షత్రాల్లో మూడోవంతు దాకా ఇల్లు విడిచినట్టే.

మూడోవంతంటే మాటలా? ఇంట్లో ఉన్నవాళ్లను మాత్రమే రాసుకుని కుటుంబం ఇంతే అంటే మన ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా? పైగా ఇవి మామూలువి కావు. చుట్టూ ఉన్న వాయువును చెదరగొట్టేవి, చివరికి పేలి ఆక్సిజన్ వంటి మూలకాలను వెదజల్లేవి ఇవే. మనం పీల్చే ఆక్సిజన్‌లో అధికభాగం ఇలాంటి నక్షత్రాల్లో వండినదే. పుట్టినచోట పేలవలసింది వందల కాంతి సంవత్సరాల అవతల పేలితే, ఆ ఎరువు పడే పొలమే మారిపోతుంది.

"రైతుబిడ్డవి, నీకెందుకోయ్ ఈ చుక్కల గొడవ?" అని హాస్టల్లో ఎకసెక్కాలు. మృగశిర కార్తె ఎప్పుడొస్తుందని అడిగేది మా నాన్న గాని వాళ్లు కాదు.

అసలు నేననేదేమంటే, ఆ లెక్కకు వాడిన కొలతలు యూరప్‌వారి గయా ఉపగ్రహానివి. 2013లో ఎగిరి 2025 దాకా పనిచేసింది. 2022 నాటికి విడుదలైన దాదాపు 180 కోట్ల నక్షత్రాల వివరాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. బి.ఎస్సీ. కుర్రవాడికి కావలసింది కంప్యూటరు, కాస్త త్రికోణమితి, ఓపిక. మనమేమో సీనియర్ల రికార్డులు చూసి లోలకం ఊగిన లెక్కలు కాపీ కొడుతున్నాం. లెక్చరర్లు కోప్పడకుండా వింటామంటే ఒక మనవి: వచ్చే ఏడు ప్రాజెక్టుకు మాకొక నక్షత్ర గుచ్ఛాన్ని అప్పజెప్పండి. ఇంట్లో ఎవరున్నారో, ఎవరు వెళ్లిపోయారో మేమే వెతికి పట్టుకుంటాం.