ఇంటనున్న బండికి తాళమేల?

అంగడికి పోయినపుడు మోటారు సైకిలునకు తాళము వేసి, నాలుగడుగులు నడచి, మరల వెనుకకు వచ్చి చేతితో లాగి చూచుకొను గృహస్థు, ఇల్లు చేరిన పిమ్మట అదే బండిని రేకుల కొట్టములో నిలిపి, తాళపుచెవిని దానికే వదలి నిద్రకు పోవును. “ఇంటనున్న బండికి తాళమేల?” అని ఆతని సమాధానము. ఈ ప్రశ్న సహజముగా తోచునదే గాని, ఇందొక పెద్ద పొరపాటు దాగియున్నది. ఇంటి కొట్టము బండిని ఎండవానల నుండి కాపాడును గాని, దొంగ నుండి కాపాడదని నా యభిప్రాయము.

ఆలోచింపుడు. అంగడి వీధిలో బండిచుట్టు నూరు కన్నులుండును. దొంగకు దొరకునది కొలది నిమిషముల వ్యవధి మాత్రమే. ఇంటి కొట్టములో తలుపు దగ్గరకు వేసికొన్నచో ఆతనిని చూచువారుండరు. ఇంటివారు గాఢనిద్రలో నుందురు. తెల్లవారుదాక సమయమున్నది. మనము భద్రతకై కట్టిన గోడలే ఆతని పనికి తెరలగును. కావున వీధిలోకంటె ఇంటిలోనే బండిని గట్టిగా బంధింపవలెనని చెప్పుట వింత గాదు.

హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతములలోని మన తెలుగు కుటుంబములకు మోటారు సైకిలు విలాసవస్తువు గాదు. తెల్లవారుజామున పూలను, కూరగాయలను అంగడికి చేర్చునది అదియే. రాత్రిపాళి ముగిసిన కార్మికుని ఇల్లు చేర్చునదియు అదియే. పెక్కుమంది దానిని కంతుల మీద కొనినవారు. బండి పోయినను కంతులు పోవు. లేని బండికి నెలనెలా సొమ్ము చెల్లింపవలసినదే. పైగా మనది సరిహద్దు ప్రాంతము. హోసూరు దాటిన కొలది దూరములోనే కర్ణాటకము. మరియొక దిక్కున ఆంధ్రదేశము. అర్ధరాత్రి పోయిన బండి కోడి కూయక మునుపే వేరొక రాష్ట్రమున నుండగలదు.

ఈ విషయమున మన పూర్వుల పద్ధతియే మనకు ఆదర్శము. పశువుల కొట్టమునకు తడిక యున్నను, తలుపున్నను, ఎద్దును ఊరక విడిచి పండుకొను రైతు లేడు. లోపల గుంజ పాతి, దానికి పలుపుతో కట్టివేయును. కొట్టము వేరు, కట్టు వేరు అని ఆతడెరుగును. నేడు ఎద్దు స్థానమున ఇనుప గుఱ్ఱము వచ్చినది. కొట్టము మిగిలినది, గుంజ మాత్రము మాయమైనది. ఆ గుంజను మరల పాతవలెనని నా కోరిక.

ఇది కష్టమైన పని గాదు. బండి నిలుచు చోట నేలను త్రవ్వి, లావైన ఇనుప కమ్మీని లాడము వలె వంచి, దాని కాళ్ల చివరలను వెలుపలికి మలచి, కాంక్రీటులో పాతవలెను. గొలుసు దూరునంత భాగము మాత్రమే పైకి కనబడవలెను. వారము దినములు తడిపి, గట్టిపడిన తరువాతనే వాడవలెను. వెల్డింగు అంగడివారును, తాపీమేస్త్రీయు కలిసి ఒక పూటలో చేయగల పని యిది.

గొలుసు విషయమున మోసపోరాదు. తూకమునకు అమ్ము మామూలు గొలుసు పెద్ద ఇనుప కత్తెరకు సులభముగా లొంగును. కాచి, చల్లార్చి గట్టిపరచిన ఉక్కు గొలుసునే కొనవలెను. దానిని ముందు చక్రమునకు తగిలించినచో, దొంగ ఆ చక్రమును విప్పి అచటనే వదలి తక్కిన బండిని కొనిపోగలడు. కావున చట్రము గుండగాని, వెనుక చక్రము గుండగాని పోనిచ్చుట మేలు. గొలుసు నేలపై పడియుండరాదు. పడియున్నచో ఆ నేలయే దొంగకు దాగలి యగును. సుత్తి దెబ్బకును, కత్తెర పిడిని మోపి నొక్కుటకును ఆధారము దొరకును. గాలిలో వ్రేలాడు గొలుసును త్రెంచుట అంతకంటె కష్టము. బండితో వచ్చు హ్యాండిలు తాళము నొక్కదానినే నమ్ముటయు తగదు. బలవంతముగా త్రిప్పినచో లోపలి చీల విరిగిపోవచ్చును.

ఇక తలుపు మాట. పెక్కు కొట్టములలో గడియను బిగించిన మరలు బయటికే కనబడుచుండును. దొంగ తాళమును ముట్టడు. మరలను విప్పి, వేసిన తాళమును వేసినట్లే యుంచి తలుపు తీయును. మరలకు బదులు తలుపు నావలికి దూరు బోల్టులు వేసి, నట్లను లోపలి ప్రక్క బిగింపవలెను. కొట్టములోనే గునపము, గొడ్డలి, రంపము ఉంచుట మన యలవాటు. అవి దొంగకు మనమే సిద్ధపరచిన పనిముట్లు. తాళపుచెవిని వాకిలి ప్రక్క మేకుకు తగిలించుటయు అట్టిదే.

“దొంగ తలచుకొన్న ఏ తాళము ఆపును?” అని కొందరందురు. నిజమే, త్రెంచరాని గొలుసు లేదు. కాని దొంగకు కావలసినవి రెండు: కాలము, నిశ్శబ్దము. మంచి గొలుసు ఆతని కాలమును హరించును. చప్పుడు చేయక తప్పని స్థితికి తెచ్చును. “ఇంట తాళము వేసినచో ఇరుగుపొరుగును అనుమానించినట్లు గాదా?” అని మరికొందరందురు. ఎద్దును కట్టివేసిన రైతు పొరుగువానిని అవమానించినాడా? చప్పుడు విని దీపము వెలిగించి కేకవేయువాడు ఆ పొరుగువాడే గదా! జాడ తెలుపు పరికరములను అమర్చుకొన్నవారును కలరు. అవి పోయిన బండిని వెదకుటకు తోడ్పడును గాని, పోకుండ ఆపలేవు.

బీమాను గూర్చిన యొక భ్రమను సైతము తల్లిదండ్రులు విడువవలెను. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు ఐదేండ్ల బీమా తప్పనిసరి యైనది. అందుచే ఐదేండ్లు నిశ్చింత యని పలువురు తలచుచున్నారు. ఆ ఐదేండ్ల బీమా మన బండివలన ఇతరులకు కలుగు నష్టమునకు మాత్రమే. దొంగతనమునకు పరిహారమిచ్చు భాగము సాధారణముగా ఒక్క యేడాదికే యుండును. దానిని ఏటేట పునరుద్ధరించుకొనవలెను. పరిహారము కోరినపుడు రెండు తాళపుచెవులను, పోలీసువారిచ్చిన ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని అడుగుదురు.

ఇక్కడనే మన విద్యార్థుల చదువు అక్కరకు వచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును వ్రాసికొని చదివి వినిపింపవలెను. ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. దేశమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను తన కష్టమును అధికారులకు విన్నవించుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణము పౌరునకిచ్చినది. అయినను ఠాణాలో పని త్వరగా సాగుటకు తమిళమున వ్రాసిన కాగితము మేలు. తెలుగు మాత్రమే తెలిసిన తాతగారి ప్రక్కన నిలిచి, రెండు భాషలలోను ఫిర్యాదు వ్రాయగల మనుమరాలు ఆ ఇంటికెంత అండ! పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన నాకు ఈ సామర్థ్యము విలువ బాగుగా తెలియును.

విద్యార్థులారా! చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ఏమి లాభము? ఈ యాదివారమే మీ యింటి బండి సంఖ్యను, ఇంజను సంఖ్యను, చాసిస్ సంఖ్యను నోటుపుస్తకములో వ్రాసికొనుడు. రెండవ తాళపుచెవి యెచటనున్నదో అమ్మగారి నడుగుడు. బీమా కాగితములోని గడువును నాన్నగారికి చదివి వినిపింపుడు. తలుపు మరలు ఏ ప్రక్కనున్నవో చూడుడు. కొట్టమున్నది గదా యని నిద్రపోకుడు. లోపల గుంజ యున్నదా యని చూడుడు.