గడప దాటిన చెత్త

మనకు శుచియందున్నంత శ్రద్ధ మఱి దేనియందును లేదని చెప్పుకొనుట మన వాడుక. తెల్లవాఱక మునుపే మన యిల్లాండ్రు లేచి వాకిలి యూడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టుదురు. అది చూచుటకు కన్నులపండువుగా నుండును. కాని యూడ్చిన చెత్త యెక్కడికి పోయినది? ముగ్గునకు రెండు బారల దూరమున వీధిలోనో, పొరుగువారి గోడ మొదటనో, మురుగుకాలువలోనో పడియున్నది. గడప కీవల నున్నంతసేపు అది మన చెత్త. గడప దాటినతోడనే యది యెవ్వరిదియు గాదు.

"తొట్లు పెట్టకపోవుట మునిసిపాలిటీవారి తప్పు గదా!" యని కొందఱు వాదింతురు. తొట్లు చాలకపోవుటయు, ఉన్నవానిని దినదినము ఖాళీ చేయింపకపోవుటయు తప్పే. పన్ను పుచ్చుకొనువారు దాని కుత్తరవాదులే. కాని తొట్టి యున్నచోట నేమి జరుగుచున్నదో చూడుడు. తొట్టి లోపల సగము ఖాళీ. చుట్టును మాత్రము మోకాలిలోతు చెత్త! స్నానము చేసి, బొట్టు పెట్టుకొని, కచేరీకి పోవు పెద్దమనుష్యుడు బండి యాపకయే చెత్తసంచిని విసరును. అది తొట్టిలో పడిన సరే, పడకున్నను సరే. దగ్గఱకు పోయిన మైల యంటునని యాయన భయము. తొట్లు వేయి పెట్టినను ఈ భయము పోనిదే వాని వలన ప్రయోజనము లేదు.

మడి వేఱు, పారిశుద్ధ్యము వేఱు. మడి తన్ను దాను కాపాడుకొనుటకు. పారిశుద్ధ్యము నలుగురిని కాపాడుటకు. మొదటిది తరతరములుగా నేర్చితిమి, రెండవది నేర్వలేదు. ఏల నేర్వలేదు? మనము పాఱవైచినదాని నెత్తుటకు కొన్ని కులములవారిని నియమించి, వారి నూరి వెలుపల నుంచి, ఆ పని చేయుచున్నారను మిషతోనే వారిని అంటరానివారంటిమి గనుక. పాఱవైచువాడు శుచి, ఎత్తువాడు అశుచి! ఇంతకంటె తలక్రిందులైన న్యాయము మఱియొకటి గలదా? 1901 లో గాంధీగారు కలకత్తా కాంగ్రెసు సభకు పోయి, అచటి మరుగుదొడ్ల దుర్గంధమును స్వచ్ఛందసేవకులకు చూపగా, అది తమ పని కాదనిరి. ఆయన చీపురు తెప్పించుకొని తానే శుభ్రము చేసికొనెను. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసినది. అయినను నేటికిని మన నగరవీధుల నూడ్చువారిలో అధికసంఖ్యాకులు ఏ కులములవారో చదువరు లెఱుగుదురు. "అది మా పని కాద"ను మాట నేటికిని మన యిండ్లలో చావలేదు.

"మన పూర్వులును పాఱవైచిరి గదా, వారి కేమి కీడు కలిగినది?" అని మఱికొందఱందురు. పూర్వులు పాఱవైచినవి అడ్డాకుల విస్తళ్లు, మట్టికుండలు, పొయ్యిలోని బూడిద. పెరటిలోని పెంటకుప్ప యేడు తిరుగులోపల చేనికి ఎరు వయ్యెడిది. వారి తప్పును మన్ను కప్పిపుచ్చినది. మన ప్లాస్టిక్కు సంచిని మన్ను మ్రింగజాలదు. అది కాలువ కడ్డుపడి, వానకాలమున మురుగును తిరిగి మన గడపలోనికే తెచ్చుచున్నది. ఇంతకంటె ఘోరము వినుడు. శుక్రవారమునాడు గోవునకు పసుపుకుంకుమలు పెట్టి మ్రొక్కినవారమే అన్నము, కూరగాయల తొక్కలు సంచిలో ముడివైచి వీధిలో పడవైతుము. ఆకలిగొన్న యావు సంచితో కూడ మ్రింగును. పశువైద్యులు కడుపు కోసి కిలోలకొలది ప్లాస్టిక్కును వెలికి దీయుచున్నారు. పూజించిన చేతులే విషము పెట్టుచున్నవి!

ఇది మన నెత్తుటిలో నున్న గుణమని నిరాశపడ నక్కఱలేదు. 1994 లో సూరతు నగరమున మహామారి పుట్టినదను వార్తతో లక్షలకొలది జనము ఊరు విడిచి పాఱిపోయిరి. మఱుసటి యేట కమీషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు అధికారులను గదులు విడిపించి ప్రతిదినము వీధులలో తిరుగునట్లు చేసిరి. చెత్త వేసినవారికి జరిమానాలు విధించిరి. కొలదికాలములోనే ఆ యూరు శుభ్రతకు పేరొందినది. ప్రజలు మాత్రము మునుపటి ప్రజలే.

కావున చదువరులారా, ఉపన్యాసములు చాలించి మన వంటయిల్లు మొదలుకొని దిద్దుకొందము. తడిచెత్తను, పొడిచెత్తను, హానికరమైన దానిని వేఱుచేయవలెనని 2016 నాటి నియమములే చెప్పినవి. ఇంట రెండు బుట్టలు పెట్టుట కెంత కష్టము? పగిలిన గాజుపెంకును, వాడిన సూదిని అన్నపు మెతుకులలో కలిపి పంపువారు, వానిని వట్టిచేతులతో ఏరు నొక తల్లి వ్రేళ్లను తలచుకొనవలదా? బండి వచ్చినపుడు పనిమనిషిని పంపక, గృహయజమాని తానే బుట్ట పట్టుకొని గడప దిగవలెను. తండ్రి దిగినచో కొడుకు నేర్చును.

ఇంకొక మాట. "చెత్తవాడు వచ్చినా"డని మన పిల్లలు కేక వేయుదురు. చెత్త మనది, అతడు దానిని తీసికొనిపోయి మనలను శుభ్రపఱచువాడు. అట్లైన చెత్తవారెవరు? ఈ ప్రశ్నకు నిజమైన యుత్తరము మన పిల్లలకు చెప్పగలిగిన నాడే మన వాకిటి ముగ్గునకు అర్థము గలుగును.