విశాఖ దగ్గరే, ప్రయాణమే దూరం

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ గ్రామస్థులు ప్రధాన భూభాగానికి చేరాలంటే ఓడ ఎక్కాలి, లేదా 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి విమానం అందుకోవాలి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో అధికుల మూలాలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లోనే ఉన్నాయి.

పటం చూస్తే ఉత్తరాంధ్రే వీరికి చేరువ. శ్రీవిజయపురం నుంచి విశాఖకు ఆకాశమార్గాన దాదాపు 1,225 కిలోమీటర్లు. చెన్నైకి 1,370, కోల్‌కతాకు 1,300, హైదరాబాద్‌కు 1,660. నేరుగా వెళ్తే విశాఖకు రెండు గంటలు చాలు. గతంలో అలాంటి సర్వీసులు నడిచినా నిలకడగా సాగలేదు. అవి లేనప్పుడు చెన్నై మీదుగా తిరిగి వెళ్లాలి. అప్పుడు గగనమార్గం సుమారు 1,990 కిలోమీటర్లకు పెరుగుతుంది. మధ్యలో నిరీక్షణ కలిస్తే పూట కాస్తా రోజవుతుంది.

కారణం వ్యాపార లెక్కే. చెన్నై, బెంగళూరు, కోల్‌కతా విమానాలు అనేక నగరాల ప్రయాణికులతో నిండుతాయి; విశాఖ విమానం ప్రధానంగా విశాఖ ప్రాంతం వారితోనే నిండాలి. దీనికి తోడు దీవులకు వెళ్లే విమానం, వాతావరణం అనుకూలించకపోతే తిరిగి ప్రధాన భూభాగానికి చేరేంత ఇంధనాన్ని మోసుకెళ్లాలి. ఆ బరువూ ఖర్చే.

టికెట్ల మీద ఒత్తిడి మరోవైపు నుంచీ ఉంది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఎల్‌టీసీ కింద అండమాన్‌కు విమానంలో వెళ్లేందుకు ప్రత్యేక సడలింపు ఉంది. పర్యాటకులు, ఉద్యోగులు, చికిత్స కోసం చెన్నైకి బయలుదేరే దీవివాసి అవే సీట్లకు పోటీ పడతారు. సెలవును వాయిదా వేసుకోవచ్చు, చికిత్సను వేసుకోలేరు. కరోనా కాలంలో, 2020 మే నెలలో, కేంద్రం ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు శ్రేణులుగా ఛార్జీల కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు విధించింది. 2022 ఆగస్టు 31న వాటిని ఎత్తివేసింది. అలాంటి రక్షణ దీవివాసుల వరకైనా కొనసాగి ఉండాల్సింది.

విశాఖ ఓడ సాధారణంగా నెలకొకటి. ప్రయాణం రెండు రోజులకు పైనే. అత్యవసరానికి అది అక్కరకు రాదు.

సౌకర్యాల కొరతను ఇప్పుడు సాకుగా చూపలేం. 2023 జులై 18న ప్రారంభమైన కొత్త టెర్మినల్ ఏడాదికి 50 లక్షల ప్రయాణికులకు సరిపోతుంది. 2024 నవంబరులో అక్కడికి కౌలాలంపూర్ నుంచి ఎయిర్‌ఏషియా సర్వీసు మొదలైంది. ఆ మలేసియా నగరం శ్రీవిజయపురానికి సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో, అంటే విశాఖ కంటే దూరంగా ఉంది.