ఉపవాసంలో ఆకలి అపరాధమా?

మహాశివరాత్రికి శ్రీశైలం చేరే పాదచారులలో అనేకులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల దాటి వస్తారు. భీముని కొలను మెట్లెక్కి కైలాసద్వారం చేరేసరికి కాళ్ళు వణుకుతాయి. అప్పటికీ పచ్చి గంగైనా ముట్టలేదని సగర్వంగా చెప్పేవారు కొందరుంటారు. ఎంత బాధపడితే అంత ఉపవాసమన్న భావన భక్తులలో గాఢంగా నాటుకున్నది. అది శాస్త్రసమ్మతం కాదు. ఉపవాసమనగా పరమేశ్వరుని సమీపంలో నివసించుట. జఠరాగ్నితో యుద్ధం కాదు.

ఆ అగ్నికి ఆజ్ఞ శిరస్సు నుండి వస్తుంది. మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే అల్పప్రమాణపు స్థానం ఉన్నది. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో భారతీయుడైన బాలకృష్ణ ఆనంద్, జాన్ బ్రోబెక్‌తో కలిసి, ఎలుకలలో ఆ స్థానపు రెండు పార్శ్వాలను నశింపజేసి చూశారు. ఎదుట ఆహారమున్నా అవి ముట్టక కృశించి మరణించాయి. ఆకలి లేకపోవడమే వాటికి మృత్యువైనది! ఈ ఆనందే తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో యోగులను పరీక్షించినవారు కావడం విశేషం.

ఖాళీ అయిన జఠరం గ్రెలిన్ ద్వారా, కొవ్వు లెప్టిన్ ద్వారా ఆ స్థానానికి వార్తలు పంపుతాయి. నిద్ర తగ్గితే మొదటిది పెరిగి రెండవది తగ్గుతుందని పరిశోధకులు గమనించారు. జాగరణ మరునాడు పారణ వేళ విస్తరి ముందు నిగ్రహం సడలడంలో ఆశ్చర్యమేమున్నది? తృప్తివార్త మెదడుకు చేరడానికి కొంత వ్యవధి పడుతుంది కనుక పారణ మెల్లగా సాగాలి.

శరీర భారంలో సుమారు 2 శాతమే ఉన్న మెదడు, విశ్రాంతి వేళ వ్యయమయ్యే శక్తిలో సుమారు 20 శాతం వినియోగిస్తుంది. ఆరోగ్యవంతుని కాలేయంలోని చక్కెర నిల్వ దాదాపు ఒక దినం ఆదుకుంటుంది. పిదప కొవ్వు నుండి పుట్టే కీటోన్లు అండగా నిలుస్తాయి. అతనికి ఒకనాటి ఉపవాసం భారం కాదు. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే కొన్ని మాత్రలు గాని వాడే మధుమేహ రోగి స్థితి వేరు. నిరాహారంగా కొండ ఎక్కితే అతని రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. చెమట, వణుకు, మాట తడబాటు, మతిభ్రమ కలుగుతాయి. దానిని భక్తిపారవశ్యమని చుట్టూ ఉన్నవారు భ్రమపడితే ప్రాణానికే ముప్పు.

జలం, కందమూలాలు, ఫలం, క్షీరం, ఔషధం వ్రతభంగకరాలు కావని ధర్మశాస్త్రం స్పష్టంగా చెప్పింది. అతిగా తినేవానికే కాదు, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదన్నది గీత ఆరవ అధ్యాయపు మాట. ఇంత అనుమతి ఉండగా రోగి చేత కఠినోపవాసం చేయించే బంధువుల పట్టుదల భక్తి అనిపించుకోదు. అట్టివారు బయలుదేరే ముందే వైద్యుని అడిగి మందు మోతాదు నిర్ణయించుకోవాలి. సంచిలో బెల్లమో, చక్కెరో తప్పక ఉండాలి. వణుకు మొదలైతే ఆ మెట్టు మీదనే కూర్చుని నోట వేసుకోవాలి; స్పృహ తప్పినవాని నోట మాత్రం ఏమీ పోయక వెంటనే వైద్యసహాయం పిలవాలి.